క్వీన్స్‌లో ఇల్లు ఎక్కడ చూసుకోవాలి: జాక్సన్ హైట్స్, ఫ్లషింగ్, ఆస్టోరియా, సన్నీసైడ్, రిచ్‌మండ్ హిల్

న్యూయార్క్‌లో ఉద్యోగమో, యూనివర్సిటీ సీటో వచ్చిందనగానే మనవాళ్ళు చెప్పే మాట ఒకటే: "జెర్సీలో ఉండు, తెలుగువాళ్ళంతా అక్కడే." అది చెడ్డ సలహా కాదు. కానీ గుమ్మం దిగగానే పది భాషలు వినపడాలి, వీధి చివరికి వెళ్ళొస్తే కొత్తగా ఏదో ఒకటి కనపడాలి అనుకునేవాళ్ళకి క్వీన్స్‌కి సాటి వచ్చే చోటు నాకు తెలిసి ఇంకోటి లేదు. న్యూయార్క్ నగరంలోని ఐదు భాగాల్లో (బరోలంటారు) క్వీన్స్ ఒకటి. 2020 జనాభా లెక్కల్లో ఈ బరోలో ఉన్నది 24 లక్షల మంది. అందులో దాదాపు సగం మంది అమెరికా బయట పుట్టినవాళ్ళే. 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం దేశాలవారీ పాత కోటాలు తీసేశాక వచ్చిన జనం చాలామంది మన్‌హాటన్ నుంచి ఫ్లషింగ్ దాకా నడిచే 7 ట్రైన్ లైను వెంటే దిగారు.

నేను ఇక్కడ మూడిళ్ళు మారాను. మొదటి ఇల్లు శనివారం మధ్యాహ్నం చూశాను. కింద వీధంతా తిరునాళ్ళలా ఉంది, మోమోల ఆవిరి, పళ్ళ బండ్లు, ఎవరో స్పీకర్‌లో పెట్టిన కుంబియా పాట. అక్కడికక్కడే సరే అనేశాను. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద రెండో అంతస్తు. 7 ట్రైన్ నడిచే ఇనుప వంతెన సరిగ్గా నా కిటికీ ఎత్తులో ఉంది. ట్రైన్ వచ్చినప్పుడల్లా గ్లాసులో నీళ్ళు వణికేవి. ఫోన్లో అమ్మ రోజూ అడిగేది, "ఇంకా రైల్లోనే ఉన్నావా?" అని. ఇంట్లోనే ఉన్నానమ్మా అని రోజూ చెప్పేవాణ్ణి. రాత్రంతా నడిచే లైను అది. పదకొండు నెలలకి వేరే ఇంటికి మారాను, అదే జాక్సన్ హైట్స్‌లో, నాలుగు వీధులు పైకి. ట్రైన్ అదే, పచారీ కొట్టు అదే, కానీ రాత్రిపూట చెట్ల ఆకుల చప్పుడు వినపడేది.

అప్పటినుంచి నా లెక్క మారింది. ఏ ఏరియా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం, ఆ సందడికి ఎన్ని వీధుల దూరంలో అన్నది. కింద చెప్పేదంతా ఈ రెండూ కలిపి చూసి చెబుతున్నాను.

ముందు అడ్రస్ చదవడం నేర్చుకోండి

క్వీన్స్‌లో ఇంటి నంబరు మధ్యలో చిన్న గీత ఉంటుంది. ఆ గీతకి ముందున్న అంకె అడ్డవీధి నంబరు. అంటే అడ్రస్ 35తో మొదలై చివర 81వ స్ట్రీట్ అని ఉంటే, ఆ ఇల్లు 81వ స్ట్రీట్ మీద, 35వ అవెన్యూ దాటగానే ఉన్నట్టు. అదే వీధిలో 37తో మొదలైతే 37వ అవెన్యూకీ రూజ్‌వెల్ట్ అవెన్యూకీ మధ్యన, అంటే ట్రైన్ చప్పుడు బాగా వినపడే చోట. యాడ్‌లో ఫొటోలు ఎంత బాగున్నా ఈ అంకె అబద్ధం చెప్పదు. ప్రతి యాడ్‌కీ మ్యాప్ తెరవక్కర్లేకుండా సగం ఇళ్ళని ఈ లెక్కతోనే పక్కన పెట్టేయొచ్చు.

జాక్సన్ హైట్స్: నా ఓటు ముందు దీనికే

74వ స్ట్రీట్ స్టేషన్‌లో పైన 7 ట్రైన్, కింద ఎఫ్, ఎమ్, ఆర్, ‘ఈ’ లైన్లు ఆగుతాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మిడ్‌టౌన్ మన్‌హాటన్‌కి ఇరవై నిమిషాలు. ఒక లైను ఆగిపోయినా ఇంకోటి ఉంటుంది. వారాంతాల్లో రిపేర్లని లైన్లు మార్చే ఈ ఊళ్ళో అది చిన్న విషయం కాదు. లాగ్వార్డియా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే క్యూ70 బస్సు ఇక్కడినుంచే, టికెట్ కూడా లేదు. ఏడాదికోసారి ఇండియా వెళ్ళేవాళ్ళకి కెన్నెడీ ఎయిర్‌పోర్ట్‌కి కూడా ‘ఈ’ లైనులో వెళ్ళి ఎయిర్‌ట్రెయిన్ మారితే సరిపోతుంది.

స్టేషన్ దిగితే 74వ స్ట్రీట్. చీరల కొట్లు, బంగారం కొట్లు, కరివేపాకు దొరికే పచారీ కొట్లు. దీన్ని లిటిల్ ఇండియా అంటారుగానీ ఇప్పుడు అక్కడ ఎక్కువ వినపడేది బెంగాలీ, నేపాలీ, టిబెటన్. 37వ రోడ్డులో ఒక ముక్కని కార్లకి మూసేసి డైవర్సిటీ ప్లాజా చేశారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు అక్కడ కాసేపు నిలబడితే బంగ్లాదేశ్ ఎన్నికల గురించి వాదులాట, పక్కన టిబెటన్ అవ్వలు జపమాల తిప్పుతూ. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద కొంచెం ముందుకు నడిస్తే కొలంబియా, ఈక్వడార్, మెక్సికో. మూడు నిమిషాల నడకలో మూడు ఖండాలు అని చెబితే ఎవరూ నమ్మరు, తీసుకెళ్ళి చూపించాలి.

అయితే జాక్సన్ హైట్స్ అంటే ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. 37వ అవెన్యూ దాటి ఉత్తరంగా నడిస్తే ఊరే మారిపోతుంది. 1910ల నుంచి 1920ల దాకా క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ ఇక్కడ వీధంత పొడుగు అపార్ట్‌మెంట్లు కట్టి, మధ్యలో పెద్ద తోట వదిలింది. బయటినుంచి చూస్తే ఇటుక గోడే, తోట లోపల ఉంటుంది. 1993లో ఈ భాగాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. ఒక సంగతి మాత్రం తెలుసుకోవాలి. కట్టిన రోజుల్లో ఇక్కడ నల్లవాళ్ళకీ, యూదులకీ, క్యాథలిక్కులకీ ఇల్లు ఇచ్చేవాళ్ళు కాదు. అలాంటి చోటు ఇవాళ ఇంత కలగలుపుగా ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

35వ అవెన్యూ, 81వ స్ట్రీట్ మూల మీద వీధి బోర్డు ఒకటి ఉంది. ఒక్కో అక్షరం పక్కన చిన్న అంకె ఉంటుంది, స్క్రాబుల్ అనే పదాల ఆటలో ఆ అక్షరానికి ఇచ్చే మార్కు. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ పేటలో ఉండే ఆ ఆట తయారుచేశాడు. ఇంటికి వచ్చినవాళ్ళని నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను.

పిల్లలున్నవాళ్ళకి 34వ అవెన్యూ పెద్ద వరం. కోవిడ్ సమయంలో, 2020లో, 69వ స్ట్రీట్ నుంచి జంక్షన్ బులవార్డ్ దాకా 26 బ్లాకులు పగటిపూట కార్లకి మూసేశారు. అది అలాగే ఉండిపోయింది. పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, పెద్దవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు. మా అమ్మ మూడు నెలలుండడానికి వచ్చినప్పుడు ఇంగ్లీషు రాకపోయినా ఆ వీధిలోనే ఒక పంజాబీ ఆవిడతో స్నేహం చేసుకుంది. ఎలా మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలీదు. రోజూ సాయంత్రం నాలుగున్నరకి మాత్రం చెప్పులేసుకుని సిద్ధంగా ఉండేది.

లోటుపాట్లు: ఆ తోటల బిల్డింగుల్లో చాలావరకు కో-ఆప్‌లు, అంటే సొంతదారులంతా కలిసి ఒక సంఘంగా నడుపుకునేవి. కొనడం వేరు, అద్దెకి దిగడం వేరు. సొంతదారు అద్దెకి ఇవ్వాలన్నా కో-ఆప్ బోర్డు ఒప్పుకోవాలి, దానికి ఫారాలు, ఫీజులు, నెలరోజుల ఎదురుచూపు. కొన్ని బిల్డింగుల్లో రెండేళ్ళకి మించి అద్దెకి ఇవ్వనివ్వరు. కార్ పార్కింగ్ నరకం. వారంలో ఫలానా రోజు ఫలానా వైపు రోడ్డు ఊడుస్తారు, ఆ గంటన్నరా కారు తీసేయకపోతే ఫైన్. కారు లేకుండా బతకగలిగితేనే ఇక్కడికి రండి.

పక్కనే ఉన్న ఎల్మ్‌హర్స్ట్ గురించి రెండు మాటలు. రూజ్‌వెల్ట్ అవెన్యూకి దక్షిణంగా ఉంటుంది. థాయ్, ఇండోనేషియా, చైనా వాళ్ళు ఎక్కువ. 46వ అవెన్యూ మీద ఇళ్ళ మధ్యలో బంగారు రంగు శిఖరంతో థాయ్ బౌద్ధ ఆలయం కనపడుతుంది. కొరోనా అవెన్యూలో గీతా మందిరం ఉంది. జాక్సన్ హైట్స్‌లో బడ్జెట్ సరిపోకపోతే ముందు ఇక్కడ వెతకండి. దాదాపు అవే సౌకర్యాలు, చెట్లు తక్కువ, ట్రైన్ లోకల్.

ఫ్లషింగ్: వారాంతానికి గొప్పది, రోజువారీకి ఆలోచించుకోవాలి

మెయిన్ స్ట్రీట్ స్టేషన్ బయట అడుగుపెడితే తోపులాటే. చైనా, కొరియా కొట్లు, బోర్డుల మీద ఇంగ్లీషు వెతుక్కోవాలి. కూరగాయలు ఇక్కడంత తాజాగా, చవగ్గా నేను ఎక్కడా చూడలేదు. ఆకుకూరలైతే పది రకాలుంటాయి, మనకి పేర్లు తెలియనివే ఎక్కువ. సగం వండుకుని చూస్తే అందులో ఒకటో రెండో పప్పులోకి బ్రహ్మాండంగా కుదురుతాయి.

మనవాళ్ళకి ఫ్లషింగ్ అంటే గణేశుడి గుడి. బౌన్ స్ట్రీట్ మీద 1977లో ప్రతిష్ఠ జరిగింది. ఉత్తర అమెరికాలో మన పద్ధతిలో కట్టిన తొలి గుళ్ళలో ఇదొకటి. కింద క్యాంటీన్‌లో దోసెలు వేస్తారు. ఆదివారం లైన్లో నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం ఒకేసారి వినపడతాయి. 2022లో ఆ వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని కూడా పేరు పెట్టారు. స్టేషన్ నుంచి గుడి ఒక మైలు దూరం, నడిస్తే ఇరవై నిమిషాలు పైనే. గుడి పక్కన ఇల్లు కావాలంటే రోజూ ఆ నడకో, బస్సో ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఆ వీధి పేరు వెనక కథ తెలిస్తే గుడి అక్కడే ఉండడం ఇంకా నచ్చుతుంది. 1657లో ఇది డచ్చివాళ్ళ పాలనలో ఉండేది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థనలని గవర్నర్ స్టైవెసెంట్ నిషేధిస్తే, ఫ్లషింగ్ ఊరివాళ్ళు ముప్ఫై మంది అది అన్యాయమని అర్జీ రాసి సంతకాలు పెట్టారు. వాళ్ళు స్వయంగా క్వేకర్లు కారు, పక్కవాళ్ళ కోసం పెట్టారు. ఐదేళ్ళ తర్వాత జాన్ బౌన్ అనే ఆయన తన ఇంట్లో క్వేకర్లని ప్రార్థన చేసుకోనిచ్చాడని పట్టుకుని దేశం దాటించారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి ఈ వలసని నడిపే డచ్చి కంపెనీవాళ్ళ దగ్గర వాదించి గెలిచి తిరిగొచ్చాడు. ఆ ఇల్లు ఇప్పటికీ బౌన్ స్ట్రీట్ మీద ఉంది. అదే వీధి వెంట నడుచుకుంటూ వస్తే చర్చిలు, యూదుల సినగాగ్, తర్వాత మన గోపురం. ఆ నడక ఒక్కసారైనా నడవండి.

ఇక రోజువారీ సంగతి. 7 ట్రైన్ ఇక్కడే మొదలవుతుంది కాబట్టి పొద్దున్నే సీటు గ్యారంటీ. కానీ మన్‌హాటన్‌లోని గ్రాండ్ సెంట్రల్‌కి ముప్ఫై ఐదు, నలభై నిమిషాలు పడుతుంది. ఎక్స్‌ప్రెస్ ఉదయం మన్‌హాటన్ వైపు, సాయంత్రం ఇటువైపు మాత్రమే నడుస్తుంది. బేస్‌బాల్ మ్యాచ్‌లున్న రోజుల్లో, యూఎస్ ఓపెన్ జరిగే రోజుల్లో ట్రైన్ కిక్కిరిసిపోతుంది, రెండు స్టేడియంలూ ఒక్క స్టేషన్ ఇవతలే. డబ్బు కాస్త ఎక్కువైనా పర్వాలేదంటే లాంగ్ ఐలాండ్ రైలు కూడా మెయిన్ స్ట్రీట్‌లో ఆగుతుంది, పెన్ స్టేషన్‌కి ఇరవై నిమిషాల పైచిలుకు. గాలి ఒకవైపు వీచే రోజుల్లో లాగ్వార్డియా విమానాలు నెత్తిమీదుగానే పోతాయి. చిన్నపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

ఆఫీసు వారానికి రెండు రోజులే అయితే, అమ్మానాన్నా మీతోనే ఉంటే, రోజూ గుడికి వెళ్ళాలనుకుంటే ఫ్లషింగ్ మంచిదే. ఐదు రోజులూ మన్‌హాటన్ పరుగు అయితే నేను తీసుకోను.

ఆస్టోరియా: అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ఖరీదు

ఒంటరిగా లేదా జంటగా ఉండే పాతికేళ్ళ, ముప్ఫై ఏళ్ళవాళ్ళు ముందు ఇక్కడికే వస్తారు, అందుకు కారణం కూడా ఉంది. ఎన్, డబ్ల్యూ లైన్లలో పావుగంటలో మన్‌హాటన్. రాత్రి పన్నెండింటికి కూడా వీధులు వెలుగుతో ఉంటాయి. ఒకప్పుడు ఎక్కువగా గ్రీకువాళ్ళ పేట. స్టైన్‌వే స్ట్రీట్ మీద 28వ అవెన్యూ దాటాక ఈజిప్టు, మొరాకో వాళ్ళ కాఫీ హోటళ్ళు, హుక్కా కొట్లు, మసీదు. నది ఒడ్డున ఆస్టోరియా పార్క్, అందులో 1936లో తెరిచిన పెద్ద ఈతకొలను. వేసవిలో నగరవాసులెవరికైనా ఉచితం, లాకర్‌కి సొంత తాళం తీసుకెళ్ళకపోతే లోపలికి పంపరు.

ట్రైన్ వంతెన 31వ స్ట్రీట్ మీద పోతుంది. ఆ వీధి మీద ఇల్లు వద్దు, 33వ స్ట్రీట్ దాకా వస్తే చాలు. ఇక్కడ ఎక్కువగా ఉండేవి రెండు మూడు వాటాల ఇళ్ళు. కింద ఓనరు, పైన అద్దెవాళ్ళు. ఓనరు మంచివాడైతే అద్దె ఏళ్ళ తరబడి పెంచడు. కానీ ఆరు వాటాల కంటే తక్కువున్న ఇళ్ళకి అద్దె నియంత్రణ సాధారణంగా వర్తించదు. ఏడాది తిరిగేసరికి ఎంత పెంచుతాడన్నది ఆయన మనసు మీదే. మన సరుకుల కోసం జాక్సన్ హైట్స్ దాకా వెళ్ళాల్సిందే.

సన్నీసైడ్, వుడ్‌సైడ్: ఎవరూ చెప్పని మధ్యేమార్గం

ఇప్పుడు నేను ఉంటున్నది సన్నీసైడ్‌లో. 7 ట్రైన్ ఇక్కడ క్వీన్స్ బులవార్డ్ మధ్యలో కాంక్రీటు కమానుల మీద నడుస్తుంది. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీది ఇనుప వంతెనలా గజగజలాడదు, రోడ్డు కూడా చాలా వెడల్పు కాబట్టి చప్పుడు ఇళ్ళదాకా వచ్చేసరికి పలచబడుతుంది. అదే లైను, అదే బోగీలు, కట్టడం వేరు కావడంతోనే అంత తేడా.

ఇరుగుపొరుగులో రొమేనియా, టర్కీ, ఐర్లండ్, కొరియా, ఈక్వడార్, ఈమధ్య నేపాల్ వాళ్ళు కూడా. ఏ ఒక్కరిదీ పైచేయి కాదు, అదే నాకు ఇక్కడ నచ్చినది. 1924 నుంచి 1928 మధ్య కట్టిన సన్నీసైడ్ గార్డెన్స్ అనే ఇళ్ళ వరసలు ఉన్నాయి, మామూలు జీతగాళ్ళకి తోటలతో ఇళ్ళు ఇవ్వాలని కట్టినవి. సాయంత్రం నడకకి అంత మంచి చోటు క్వీన్స్‌లో అరుదు. పక్కనే వుడ్‌సైడ్. అక్కడ 61వ స్ట్రీట్ స్టేషన్‌లో 7 ఎక్స్‌ప్రెస్‌తో పాటు లాంగ్ ఐలాండ్ రైలు కూడా ఆగుతుంది. రూజ్‌వెల్ట్ మీద ఫిలిప్పీన్స్ వాళ్ళ లిటిల్ మనీలా ఉంది. వుడ్‌సైడ్‌కి వస్తే మళ్ళీ ఇనుప వంతెనే, అడ్రస్ అంకె చూసుకోండి.

సందడి కావాలంటే సన్నీసైడ్ కాస్త చప్పగా అనిపిస్తుంది. జాక్సన్ హైట్స్‌కి 7లో పది నిమిషాలే కాబట్టి నాకు ఆ లోటు తెలియలేదు.

రిచ్‌మండ్ హిల్: మన పాత చుట్టాల పేట

ఇది ఇళ్ళ వేటలో చాలామంది లిస్టులో ఉండదు, ఉండాలి. లిబర్టీ అవెన్యూ అంతా గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన భారత సంతతివాళ్ళు. 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్‌వాళ్ళు చెరకు తోటలకి కూలీలుగా తీసుకెళ్ళినవాళ్ళ వారసులు. ఎక్కువమంది భోజ్‌పురీ ప్రాంతాలవాళ్ళు, కానీ మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన తమిళులు, తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని అక్కడ ఇప్పటికీ మద్రాసీలనే అంటారు. మారియమ్మ పూజ, వేపమండలు, డప్పు ఇంకా నిలుపుకున్నారు. భాష పోయింది. ఒక పెద్దాయన నా ఊరు అడిగి, గోదావరి అనగానే, "మా తాతమ్మ ఆ మాట అనేది" అన్నాడు ఇంగ్లీషులో. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

101వ అవెన్యూ వైపు పంజాబీలు, పెద్ద గురుద్వారా. వసంతంలో ఫగ్వా (మన హోలీయే) ఊరేగింపు, రంగులు. ఇళ్ళు విశాలంగా ఉంటాయి, అదే డబ్బుకి ఒక గది ఎక్కువ వస్తుంది. ఇబ్బంది దూరం. లెఫర్ట్స్ బులవార్డ్ నుంచి ‘ఏ’ లైనులో మిడ్‌టౌన్‌కి ముప్పావు గంట పైనే. కెన్నెడీ ఎయిర్‌పోర్ట్ దగ్గరో, జమైకా వైపో ఉద్యోగమైతే వేరే ఆలోచనే వద్దు, ఇక్కడే తీసుకోండి.

జెర్సీ మాటేంటి?

ఆఫీసు వరల్డ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఉంటే జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ నిజంగానే మెరుగు, పాత్ రైలు నేరుగా వెళ్తుంది. న్యూఆర్క్ అవెన్యూ మీద మన కొట్లన్నీ ఉన్నాయి. కానీ అక్కడ మీ చుట్టూ ఉండేది ఎక్కువగా మనలాంటివాళ్ళే. కొందరికి అదే ఊరట, అందులో తప్పేమీ లేదు. చట్టాలు మాత్రం వేరు. డిపాజిట్ అక్కడ నెలన్నర అద్దె దాకా అడగొచ్చు, న్యూయార్క్‌లో ఒక్క నెలే.

తేల్చి చెప్పమంటే

ఐదు రోజులూ మన్‌హాటన్ ఆఫీసు, పిల్లలున్నారు, అమ్మానాన్నా వచ్చిపోతుంటారు: జాక్సన్ హైట్స్, 37వ అవెన్యూకి ఉత్తరాన, 34వ అవెన్యూకి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఒంటరిగా, రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరే ఉద్యోగం: ఆస్టోరియా, అద్దె బరువనిపిస్తే సన్నీసైడ్. ఇంటినుంచే పని, ప్రశాంతత కావాలి: సన్నీసైడ్. పెద్దకుటుంబం, కారు తప్పదు: రిచ్‌మండ్ హిల్. గుడి ముఖ్యం, పెద్దవాళ్ళు ఏడాదంతా ఉంటారు: ఫ్లషింగ్, గుడి వైపు. చదువుకునే పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి తీసుకోవాలంటే ఎల్మ్‌హర్స్ట్‌లో వెతకడం మొదలుపెట్టండి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు

ఒక్కో పేటకీ రెండుసార్లు వెళ్ళండి. ఒకటి, పనిరోజు పొద్దున ఎనిమిదింటికి. ఆ స్టేషన్‌లో నిజంగా ట్రైన్ ఎక్కి ఆఫీసుదాకా వెళ్ళి చూడండి. మ్యాప్ చెప్పే ముప్ఫై నిమిషాల్లో మొదటి ట్రైన్ ఎక్కలేక వదిలేయడం ఉండదు. రెండోది, శుక్రవారమో శనివారమో రాత్రి పదకొండింటికి. ఇంటిముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. కింద బార్ ఉందా, వీధిలో దీపాలున్నాయా, చెత్త సంచులు ఎక్కడ పెడుతున్నారు, ఎలుకలు కనపడుతున్నాయా అన్నవన్నీ ఆ ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి. దగ్గర్లో లాండ్రీ ఎక్కడో చూసుకోండి. బిల్డింగ్‌లో మెషిన్లు లేకపోతే మంచులో బట్టల మూట మోసుకెళ్ళేది మీరే.

పేట తెలుసుకోవాలంటే నా దగ్గర ఒక చిట్కా ఉంది, లైబ్రరీకి వెళ్ళండి. క్వీన్స్ లైబ్రరీ కార్డు ఉచితం. ఏ బ్రాంచిలో ఏ భాషల పుస్తకాలు ఎన్ని అరలున్నాయో చూస్తే అక్కడ ఎవరుంటున్నారో తెలుస్తుంది. ఉచితంగా ఇంగ్లీషు క్లాసులు కూడా నడుపుతారు, డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంట్లో ఒక్కరే ఉండిపోయేవాళ్ళకి అక్కడ దొరికే స్నేహాలు చాలా విలువైనవి. దిగిన వెంటనే ఐడీఎన్‌వైసీ అనే నగర గుర్తింపు కార్డు కూడా తీసుకోండి, దానికీ డబ్బు కట్టక్కర్లేదు, కొన్ని మ్యూజియంలలో ఏడాది సభ్యత్వం దాంతోనే వస్తుంది. ఫ్లషింగ్ మెడోస్ పార్కులోని క్వీన్స్ మ్యూజియంలో 1964 ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన నగరం నమూనా ఉంది. అంగుళానికి వంద అడుగుల లెక్కన న్యూయార్క్ మొత్తం, దాదాపు 9 లక్షల బిల్డింగులు. మీరు ఎంచుకోబోయే వీధి ఎక్కడుందో, ట్రైన్ లైనుకి ఎంత దూరమో అక్కడ పైనుంచి చూడొచ్చు. వేసవిలో శనివారం రాత్రి అదే పార్కులో, సైన్స్ మ్యూజియం వెనకాల, క్వీన్స్ నైట్ మార్కెట్ నడుస్తుంది. రెండూ ఒకే రోజు చూసేయండి.

సంతకం పెట్టే ముందు

ఇక్కడ ఓనర్లు చూసేది ఏడాది జీతం నెల అద్దెకి నలభై రెట్లు ఉందా అని. 2,200 డాలర్ల ఇల్లు అయితే 88,000 జీతం. లేకపోతే గ్యారంటర్‌ని అడుగుతారు, ఆయనకి ఎనభై రెట్లు ఉండాలంటారు. ఇది చట్టం కాదు, అలవాటు. చిన్న ఇళ్ళ ఓనర్లతో మాట్లాడి ఒప్పించుకోవచ్చు.

చట్టాలు ఇవి. డిపాజిట్ ఒక నెల అద్దె మించకూడదు. అప్లికేషన్, క్రెడిట్ చెక్ పేరుతో 20 డాలర్లకి మించి తీసుకోకూడదు, కో-ఆప్ బోర్డుల ఫీజులు వేరే లెక్క. 2025 జూన్ 11 నుంచి బ్రోకర్‌ని ఎవరు పెట్టుకుంటే ఫీజు వాళ్ళదే. యాడ్ ఓనరు తరఫున వేసిన బ్రోకరు మిమ్మల్ని ఫీజు అడిగితే ఇవ్వక్కర్లేదు, నగరం ఫోన్ నంబరు 311కి ఫిర్యాదు చేయొచ్చు. గడిచిన ఏడాది నల్లుల బెడద ఉందా లేదా అన్నది లీజుతో పాటు రాసివ్వాలి. మూడు వాటాలు లేదా అంతకంటే ఎక్కువున్న బిల్డింగ్‌లో పదకొండేళ్ళలోపు పిల్లలుంటే కిటికీలకి గార్డులు ఓనరే పెట్టించాలి. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి, రాత్రిళ్ళు బయట ఎంతున్నా 62.

1974కి ముందు కట్టి, ఆరు వాటాలు లేదా అంతకంటే ఎక్కువున్న బిల్డింగ్ అయితే, ఆ ఫ్లాట్ రెంట్ స్టెబిలైజ్డ్ అవునా అని గట్టిగా అడగండి. అవునంటే, ఏటా ఎంత పెంచాలో నగరం బోర్డు నిర్ణయిస్తుంది, ఓనరు ఇష్టం కాదు, లీజు రెన్యువల్ మీ హక్కు. దిగాక రాష్ట్ర గృహశాఖ నుంచి మీ ఫ్లాట్ అద్దె చరిత్ర ఉచితంగా తెప్పించుకోండి. నేను తెప్పించుకున్నాకే నా రెండో ఇంట్లో నెలకి ఎక్కువ తీసుకుంటున్నారని తెలిసింది, అడిగితే తగ్గించారు. బిల్డింగ్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ నగర గృహశాఖ సైట్‌లో అడ్రస్ కొడితే వస్తాయి. హీటర్ ఫిర్యాదులు ఏటా ఉంటే, గోడలకి కొత్త రంగు ఎంత మెరిసినా ఆ ఇల్లు వదిలేయండి.

చివరగా బేస్‌మెంట్ గదులు. ఎల్మ్‌హర్స్ట్, రిచ్‌మండ్ హిల్, ఫ్లషింగ్ అన్నిచోట్లా దొరుకుతాయి, లీజు లేకుండా, నగదుకి, మిగతావాటిలో సగం రేటుకి. కొత్తగా వచ్చిన పిల్లలు డబ్బు మిగులుతుందని ఆశపడతారు. 2021 సెప్టెంబర్ 1న ఐడా తుఫాను రాత్రి సెంట్రల్ పార్కులో గంటలో మూడంగుళాలకి పైగా వాన పడింది. ఆ రాత్రి నగరంలో పోయిన పదమూడు మందిలో పదకొండు మంది బేస్‌మెంట్ గదుల్లో ఉన్నవాళ్ళు, ఎక్కువమంది క్వీన్స్‌లోనే. గదిలో నిలబడి చూడండి. మనిషి పట్టేంత కిటికీ లేకపోతే, బయటికి దారి ఒక్క మెట్లవైపే ఉంటే, ఎంత తక్కువకి ఇస్తానన్నా ఆ ఇల్లు తీసుకోకండి.